సంచి మీద కుప్పలు

మెళియాపుట్టి దాటాక, కొండ వార జీడితోటలో
రాత్రి పదిన్నరకి రిగ్గు లారీ అరుపు మొదలెట్టింది.
నా పని చిన్నదే.
పదడుగులకో గుప్పెడు పొడి తీసి
చింపిన యూరియా సంచి మీద కుప్ప పెట్టడం,
ఎన్నో రాడ్డో సుద్దముక్కతో పక్కన రాయడం.

మొదటి కుప్ప ఎర్రమట్టి, ఇంకా వేళ్ల వాసన ఉంది.
మూడోది పచ్చసుద్ద,
వానలు నమిలి వదిలేసిన రాయి.
ఆ తర్వాత సుత్తి గొంతు మారింది,
దుమ్ము బూడిదరంగుకి తిరిగింది.
తోట దాలమ్మ గోనెపట్టా కప్పుకుని
ప్రతి కుప్పకీ ఒకటే అడుగుతోంది:
"తడుందేటి బావూ?"
"లేదప్పా."
నిన్న ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని
ఈ చోటే చూపించాడట.
కాయ లేచిందట. నీరింకా లేవలేదు.

తొమ్మిదో తరగతిలో మా బెహరా మాస్టారు
తాటిపండొకటి బల్లమీద పెట్టి, ఇదే భూమి అన్నారు.
నల్లతొక్క మనం తిరిగే నేల.
పీచూ గుజ్జూ, గట్టిగానే ఉండి
తెలీకుండా పాకే వేడిరాయి.
నడుమ టెంక ఇనుము.
"తాటిపండుకి మూడు టెంకలు కదండీ" అన్నాను.
"భూమికి ఒకటేరా.
దాని చుట్టూ కరిగిన ఇనుము కూడా ఉంది,
పండులో దానికి పోలిక లేదు" అని ఒప్పుకుని
చేతులు డస్టరుకి తుడుచుకున్నారు.

ఆరువందల అడుగులు దించినా
ఆ తొక్క మీద గోరు గీత కూడా పడదు.
ఈ లెక్క దాలమ్మకి చెప్పలేదు.
అడుగుకింతని కట్టేది ఆమె.

రెండువందల ఎనభై దగ్గర
పొడిలో ఎర్ర రవ్వలు మెరిశాయి,
దానిమ్మగింజలు నలగ్గొట్టినట్టు.
నాకు తెలిసిన రాయి. ఖోండలైటు.
కొండల్లోని ఖోందుల పేరే దానికి పెట్టారని,
మా జాతాపులూ ఆ కొమ్మేనని
మాస్టారు నన్ను నిలబెట్టి చెబితే
క్లాసంతా నవ్వింది.
పది తప్పేదాకా "ఒరే రాయీ" అనే పిలిచారు.

ఆయన చెప్పిన తక్కినదే ఇంకా మోస్తున్నాను.
ఈ రాయి ఒకప్పుడు బురద.
ఏదో పాతసముద్రం అడుగున పేరిన ఒండ్రు.
పాతిక కిలోమీటర్ల లోతుకి కుంగి
వేడికి కాగి, బరువుకి నలిగి
పూర్తిగా కరక్కుండానే మరో రాయైంది.
నెత్తిమీది కొండల్ని కోట్ల ఏళ్ల వానలు
గెడ్డల్లోకి ఈడ్చుకుపోతుంటే
బరువు తగ్గి మెల్లగా పైకొచ్చింది.

మనం అంత లోతుకి పోలేం.
లోతే వచ్చింది మన దగ్గరికి.
వచ్చి, యూరియా సంచి మీద కుప్పై,
దాలమ్మ కాలివేలు తగిలి చెదిరింది.

మూడువందల అరవై. పొడే.
ఆమె కొంగుముడి విప్పి లెక్కపెట్టుకుంది.
"ఇంకో నలభై అడుగులే ఆడించండి. మరి నా దగ్గిర లేవు."

ఈ రాతిలో నీరుండేది దాని ఒంట్లో కాదు, బీటలో.
ఎప్పుడో చిట్లిన సందులో
ఏ యేటి వానో కూర్చుని ఉంటుంది.
జానెడు పక్కకి దిగితే తగలదు.

మూడువందల తొంభై మూడు.
దుమ్ము ఆగింది.
సుత్తి మెట్టు తప్పినట్టు కూలబడింది.
తిరుచెంగోడు ఆపరేటరు పళని చెయ్యెత్తాడు.
బూడిద బురద ఎగిరి జీడాకుల మీద పడింది,
వెనకే నీరు. ఒక ఇంచీకి తక్కువే.

తెల్లారగట్ల చలిలో గోరువెచ్చగా తగిలింది.
"కాసీసినట్టున్నాదేటి?" అంది దాలమ్మ.
"అక్కడ చలికాలం లేదప్పా, ఎండాకాలమూ లేదు."
"ఇంకా కిందకెల్తే?"
"ఉడికిపోద్ది."
ఆమె తాగలేదు. సీసాకి పట్టి మూత బిగించింది.
ఉద్దానంలో ఆమె అక్క
వారానికి రెండుసార్లు పలాస ఆస్పత్రికి పోతోంది.
ఏ నీరో, ఏ రాయో, మరేమిటో ఇంకా తేలలేదు.
"నీరు పడితే సాల్దు బావూ,
ఏటి మోసుకొచ్చిందో సూడాల."

టెక్కలి రోడ్డు మీద టీ తాగుతూ చూస్తే
గోటికింద ఎర్ర రవ్వ ఒకటి. కడిగాను, పోలేదు.
అదేమిటని పళని అడిగాడు.
"నా పేరు" అన్నాను.
అతనికి తెలుగు సగమే వచ్చు.